ఇప్పచెట్టు కింద ఊడ్చిన నేల

ఈ నెలాఖరుకి విశ్వవిద్యాలయంలోని గిరిజన అధ్యయన కేంద్రంలో నా ఏడేళ్ల ఉద్యోగం ముగుస్తుంది. నాకు ముప్పై ఒకటి. "ఈ వయసులో రిటైర్మెంట్ ఏందే?" అని మా అమ్మ నవ్వుతోంది. కాంట్రాక్టు ఉద్యోగాల్లో అంతే. ప్రాజెక్టుకి వయసైపోతే మనకీ అయిపోయినట్టే.

కొత్త ప్రాజెక్టులో నా స్థానంలోకి వచ్చే ఇద్దరమ్మాయిలు మొన్న ఆఫీసుకొచ్చి, "అక్కా, ఫీల్డులో ఏం చెయ్యాలో చెప్పవా?" అని అడిగారు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలదు. "రాసి పంపిస్తాను" అని చెప్పి తప్పించుకున్నాను. తర్వాత నరసరావుపేటలో మా ఇంటి డాబా మీద ఏడు డైరీలూ ముందేసుకుని కూర్చున్నాను. టి.ఎ. బిల్లు ఎలా పెట్టాలో ఇందులో ఉండదు. అది గుమాస్తా గారు చెప్తారు. ఆయన చెప్పలేనివి మాత్రమే రాస్తాను.

మొదటి బస్సు

మొదటిసారి మాచర్ల బస్సెక్కిన రోజు డైరీలో ఒకే వాక్యం ఉంది: "ఈ రోజు జీతమిచ్చి మరీ నన్ను మనుషుల దగ్గరికి పంపారు." ఇప్పుడు చదివినా ఆ సంబరం తగ్గలేదు. అప్పటిదాకా చెంచులు, సుగాలీలు, యానాదులు నాకు లైబ్రరీలో మూడో బీరువా. బస్సు దిగి, ఆటో దిగి, ఎర్రమట్టి దారిలో గంట నడిస్తే ఆ బీరువాలోని మనుషులు నిజంగా ఎదురొచ్చి "ఏవూరు పిల్లా మీది?" అని అడిగారు. నేను అడగాల్సిన మొదటి ప్రశ్న వాళ్ళే అడిగేశారు!

మా ప్రొఫెసర్ని అందరం మేడం అంటాం. ఆ రోజు ఆవిడ నా చేతిలోని నోట్‌బుక్ తీసుకుని నా సంచిలోనే వేసేసింది. "నువ్వు రాసుకుంటుంటే వాళ్ళకి నీ పాపిడే కనిపిస్తుంది. మొహం చూపించు. రాత ఇంటికెళ్ళాక" అంది. సిగ్గరి మనిషికి నోట్‌బుక్ ఒక గోడ. దాన్ని ఆవిడ మొదటి రోజే పడగొట్టింది. ఫీల్డులో నేను నేర్చుకున్న మంచిలో సగం మేడం పెట్టిన భిక్షే. ఆవిడలో ఒక బలహీనత కూడా ఉంది, అదీ చెప్పాలి. పట్టికలంటే ప్రాణం. "కాలమ్ ఖాళీగా ఉంటే నాకు అన్నం సహించదు" అనేది. ఆ మాట నా చేత ఒక పెద్ద తప్పు చేయించింది. కాదు, తప్పు చేసింది నేనే. ఆ సంగతికి వస్తున్నాను.

పదమూడో ఎక్కం

బొల్లాపల్లి వైపు ఒక సుగాలీ తండాలో పెళ్ళిపాటలు రికార్డు చెయ్యమన్నారు. ఒక ముసలామె మంచం మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పాట అడిగితే, "నువ్వొకటి పాడు, నేనొకటి పాడతా. ఉత్త చేతుల్తో వచ్చి పాట పట్టకపోతావా?" అంది. నాకు పాట రాదు. చుట్టూ జనం మూగారు. చెవులు కాలిపోతున్నాయి. చివరికి చిన్నప్పుడు బడిలో రాగం తీసి చదివిన పదమూడో ఎక్కం ఎత్తుకున్నాను. పదమూడేళ్ళు తొంభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి ఆమె మిరపకాయలు పక్కన పెట్టి పొట్ట పట్టుకుంది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని నాలుగు పాటలు పాడింది. ఆ సాయంత్రం డైరీ నిండా ఆశ్చర్యార్థకాలే.

అప్పట్నుంచి ఒక సంగతి నాకు స్పష్టం. మనం వాళ్ళని చూడ్డానికి వెళ్ళినంతగానే వాళ్ళూ మనల్ని చూడ్డానికి కూర్చుంటారు. చూపించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

"అమాయక గిరిజనులు" అన్న మాట మీ రాతల్లో కనిపిస్తే నేనెక్కడున్నా వచ్చి కొట్టేస్తాను. మాచర్ల అవతలి కొండల్లో ఒక చెంచుగూడెం ఉంది. పేరు రాయను, మనలో మనం ఎర్రబండ అనుకుందాం. అక్కడి గురవయ్య మామ తేనె పట్టడంలో మొనగాడు. "శుక్రవారం తేనెటీగలు నిద్రపోతయ్. ఆ రోజు పొగ కూడా అక్కర్లా" అని మొహంలో ఒక్క ముడత కదలకుండా చెప్పాడు. నేను శ్రద్ధగా రాసుకున్నాను. నెల తర్వాత మళ్ళీ వెళ్తే గూడెం మొత్తం నన్ను "శుక్రవారం" అని పిలుస్తోంది.

మన కేంద్రం నడిపే కోర్సు పేరులో సంస్కృతి అనే మాట పక్కనే సమకాలీన సమస్యలు అనే మాట కూడా ఉంది కదా. గూడెంలో అవి రెండూ విడివిడిగా ఉండవు. చెట్లెక్కీ, గడ్డలు తవ్వీ వేళ్ళ గీతలు అరిగిపోయాయి కాబట్టి రేషన్ మిషన్ వేలిముద్ర తీసుకోదు. చెట్టెక్కడం ఒక పేపరులో, మిషన్ ఇంకో పేపరులో రాస్తే రెండూ అబద్ధమే.

పదకొండు

ఇక తప్పు.

మూడేళ్ల క్రితం మార్చి నెలలో ఎర్రబండ బడి వరండాలో గ్రూప్ డిస్కషన్ పెట్టాం. జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి, వరసగా ప్రశ్నలడిగి, జవాబులు కాగితం మీద నింపడం. మేడం రాలేకపోయింది. నేనొక్కదాన్నే. పొద్దున ఎనిమిదింటికి గురవయ్య మామతో కలిపి తొమ్మిది మంది మగవాళ్ళు వచ్చారు. ఒక్క ఆడమనిషీ రాలేదు. ఎందుకు రాలేదని లేచి నాలుగిళ్ళు తిరిగి అడగొచ్చు. నాకు కుర్చీ వేశారు. అందులోంచి లేవడానికి మొహమాటపడ్డాను.

"గుట్ట మీది ఇప్పచెట్లు ఎవరివి మామా?"

"మాయి కాదు" అన్నాడు గురవయ్య మామ.

పక్కవాళ్ళనీ అడిగాను. "మాయీ కాదు" అన్నారు. "చెట్లపై హక్కు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు" అని రాసుకున్నాను. కాగితం అడుగున రెండు గళ్ళున్నాయి. పురుషులు, స్త్రీలు. మొదటి గడిలో తొమ్మిది వేశాను. ప్రతి డిస్కషన్‌లో మూడో వంతైనా ఆడవాళ్ళుండాలని మా నియమం. ముందురోజు ఇంటింటి జాబితా రాసినప్పుడు పదకొండు మంది ఆడవాళ్ళతో మాట్లాడాను, చెట్ల సంగతి కాదు, పిల్లల వయసులూ చదువులూ. రెండో గడిలో పదకొండు వేసేశాను. వేసేటప్పుడు చెయ్యి వణకలేదు. నాకు ఇప్పటికీ సిగ్గు అనిపించేది అదే.

రిపోర్టు అచ్చయ్యేసరికి నా వాక్యం బలిసింది. "చెట్లపై తమకు ఏ హక్కూ లేదని స్త్రీ పురుషులందరూ ఏకగ్రీవంగా చెప్పారు." కింద నా అంకెలు, పైన కేంద్రం ముద్ర.

ఆ తర్వాత రెండేళ్ళకి గూడెం వాళ్ళు అటవీ హక్కుల చట్టం కింద ఆ గుట్ట మీద ఊరుమ్మడి హక్కు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. అదే సమయంలో గుట్ట చదును చేసి జామాయిల్ తోట వేద్దామనే ఆలోచన కూడా నడుస్తోంది. దరఖాస్తు నెగ్గితే ఇప్పచెట్లు నిలుస్తాయి, లేకపోతే పోతాయి. గురజాలలో డివిజన్ కమిటీ ఫైలు తెరిచింది. అందులో మన రిపోర్టు కాపీ ఉంది. మేడం ఫోన్ చేసి, "మన వాక్యమే వాళ్ళకి అడ్డం పడింది. వెళ్ళి చూసి రా" అంది.

కుర్చీలోంచి లేచాక

మళ్ళీ మార్చే. గూడెం చేరేసరికి ఇంకా ఎండ రాలేదు. గురవయ్య మామ భార్య ఈదమ్మ చంకలో గంపతో ఎదురైంది. యాభై దాటిన మనిషి, నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

"ఏమే శుక్రవారం, ఈసారన్నా మాతో వస్తావా, కుర్చీలోనే కూచుంటావా?"

వెంట వెళ్ళాను. ఆ గుట్ట ఎక్కిన పొద్దు నా ఏడేళ్ళలో అన్నిటికన్నా మంచి పొద్దు. ప్రతి ఇప్పచెట్టు కిందా గుండ్రంగా నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. ఎండుటాకు లేదు, పుల్ల లేదు. ఆ నున్నటి ఎర్రనేల మీద లేతపసుపు ఇప్పపువ్వు టప్ టప్ మని రాలుతోంది. ఒక వలయంలో ఒకామె, ఇంకో వలయంలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు వంగి ఏరుతున్నారు. ఒకరి వలయంలో ఒకరు అడుగు పెట్టడం లేదు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే ఎక్కిన ఆయాసమేమో అనుకున్నాను. కాదు. కళ్ళెదురుగా ఒక రిజిస్టరు తెరిచి ఉంది. దాన్ని చీపురుతో రాశారు!

"ఊడ్చినోళ్ళదా పెద్దమ్మా చెట్టు?"

"చెట్టున్నోళ్ళే ఊడుస్తారు. ఇది నాది. నా పెళ్ళికి మా అమ్మ అరణం ఇచ్చింది. అది మా చెల్లెలిది. ఆ వంగింది మా పెద్దపిల్లది, పోయినేడు దాని పెళ్ళికి నేనిచ్చా."

"మరి మామేమో మావి కాదన్నాడే?"

ఈదమ్మ గంప దించి నన్ను జాలిగా చూసింది. "ఆయనది కాదుగా, కాదనే చెప్పాడు. కొండతేనె మగోళ్ళది, ఇప్పచెట్టు ఆడోళ్ళది. నా చెట్టు సంగతి ఆయన్నడిగితే ఆయనకేం దెలుసు?"

"మీరు ఆ రోజు రాలేదేం?"

"పువ్వు రాలే పూట బడికాడికి ఎవతి వస్తది? ఎండెక్కిందాకా వదిలేస్తే వాడిపోద్ది, మిగిలింది కోతులు మేస్తయ్." అంతలో ఏదో తోచి నిలబడింది. "అవునే, మీ పుస్తకంలో మేం కూడా చెప్పామని ఉందంట. సదువు, ఇందాం."

సంచిలోంచి రిపోర్టు తీసి చదివాను. పదకొండు అంకె కూడా చదివాను.

"ఒసేయ్, ఇటు రండే!" అని కేకేసింది ఈదమ్మ. ఆడవాళ్ళు వలయాల్లోంచి తలెత్తారు. "బడికాడికి పోయి చెట్లు మాయి కాదని చెప్పింది ఎవతే?"

"నేను కాదు."

"నేనైతే అసలు ఆ రోజు ఊళ్ళో లేను, పుట్టింటికి పోయా."

"నువ్వేనేమోనే, నీకు నోరెక్కువ!" అని ఒకామె ఇంకొకామెని పొడిచింది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఈదమ్మ నా వైపు తిరిగింది. "పదకొండు మందిమీ ఎవరెవరమో పేర్లు సదువు."

"పేర్లు లేవు పెద్దమ్మా. మీరెవరూ రాలేదు. నేనే రాశాను."

తిడితే బాగుండు అనిపించింది. ఈదమ్మ వంగి మళ్ళీ పువ్వులేరడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే, "రాసింది నువ్వేగా. కొట్టేసేది కూడా నువ్వే. మేం ఎంత మొత్తుకున్నా వాళ్ళకి మీ కాగితమే ఇనపడిద్ది" అంది.

గురజాల

కమిటీ విచారణ రోజు బస్టాండులో మేడం నా కోసం ఎదురుచూస్తోంది. నేను చూసిందంతా చెప్పాను. ఊడ్చిన వలయాల సంగతి వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "స్త్రీల వారసత్వం! అదీ ఇంత స్పష్టంగా!" అని నా చెయ్యి పట్టుకుంది. పదకొండు సంగతి చెప్పగానే చెయ్యి వదిలేసింది.

"లోపల అదంతా చెప్పకు. 'తదుపరి అధ్యయనంలో అదనపు సమాచారం దొరికింది' అను, చాలు. తప్పుడు అంకె అంటే కేంద్రం చేసిన రిపోర్టులన్నీ అనుమానంలో పడతాయి" అంది. ఆవిడ భయం ఉత్తది కాదు. మంచి రిపోర్టులూ ఉన్నాయి, వాటి మీద ఆధారపడ్డ గూడేలూ ఉన్నాయి.

హాల్లో కమిటీ అధికారి మా రిపోర్టు ముందు పెట్టుకున్నాడు. గళ్ళచొక్కా, నెమ్మది మనిషి. పక్కన కాగితాలతో గుమాస్తా. ఈదమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు గోడవార కుర్చీల్లో కూర్చున్నారు. మేడం అదనపు సమాచారం గురించి చక్కగా చెప్పింది. ఆయన అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"పదకొండు మంది ఆడవాళ్ళు అప్పుడు మాకు హక్కు లేదన్నారు. జామాయిల్ మాట వచ్చాక ఇప్పుడు ఉందంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

అదనపు సమాచారం అనే మాట అక్కడే చచ్చిపోయింది. ఈదమ్మ అబద్ధమాడుతున్నట్టు తేలుతోంది. నేను లేచాను. ఏదో అన్నాను.

"గట్టిగా చెప్పమ్మా" అన్నాడాయన.

మళ్ళీ అన్నాను. నాకే వినపడలేదు. వెనకనుంచి ఈదమ్మ, "ఏమే, నోట్లో ఇప్పపువ్వేమన్నా పెట్టుకున్నావా?" అంది. హాలంతా నవ్వింది. గుమాస్తా కూడా నవ్వాడు. ఆ నవ్వు సందులోంచి నా గొంతు బయటికొచ్చింది.

"ఆ రోజు ఒక్క ఆడమనిషి కూడా లేదండి. ఆ పదకొండు నేను వేసిన దొంగ అంకె. వీళ్ళనెవరూ అడగలేదు. వీళ్ళు మాట మార్చలేదు, ఇప్పుడే మొదటిసారి చెప్తున్నారు."

చెప్పేశాక మేడం వైపు చూసే ధైర్యం లేకపోయింది. కుర్చీ జరిగిన చప్పుడైంది. మేడం నిలబడి, "ఆ కాగితం మీద నా సంతకం ఉంది సార్. గడి నింపమని ఒత్తిడి చేసింది నేను. ఆ రిపోర్టుని కేంద్రం వెనక్కి తీసుకుంటుంది" అంది. ఏడేళ్ళలో ఆవిడ దగ్గర నేర్చుకున్న మిగతా సగం ఆ ఒక్క నిమిషంలో వచ్చింది.

ఆ తర్వాత మా ప్రాజెక్టు పొడిగింపు రాలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా ఆ మాట మళ్ళీ చెప్తాను. మీరు మాత్రం చెప్పాల్సిన అవసరమే తెచ్చుకోకండి. గడి ఖాళీగా వదిలెయ్యండి. ఎందుకు ఖాళీగా ఉందో తెలుసుకోవడమే మన ఉద్యోగం.

అధికారి ఫైలు మూయలేదు. "రేపు నేనే వచ్చి చూస్తా. ఎన్నింటికి రమ్మంటారు?" అని ఈదమ్మని అడిగాడు.

"మీరు లేచే ఏళకి కాదు సారూ. మేం లేచే ఏళకి."

గుట్ట మీద

వచ్చాడు. బూట్లతో మొదటి వలయంలో కాలు పెట్టబోతే ఈదమ్మ గంప అడ్డం పెట్టింది. "ఇడిచి రా సారూ. తినేది ఏరుకునే చోటు." ఆయన రాయి మీద కూర్చుని లేసులు విప్పుకున్నాడు. గుమాస్తా కూడా చెప్పులు వదిలి, ఎర్రమట్టిలో వేళ్ళమీద నడుస్తూ పేర్లు రాశాడు. అధికారి ఈదమ్మని మూడో చెట్టు ఎవరిదని అడిగితే, "నన్నడుగుతావేం? చెట్టు కింద నిలబడిందిగా, దాన్నడుగు" అంది. నేను మాట్లాడాల్సిన పనే లేదు. ఒక్కొక్కరూ తమ చెట్టుకి ఆనుకుని పేరు చెప్తున్నారు, ఎవరిచ్చారో చెప్తున్నారు, అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ మేనత్త. గుమాస్తా తెచ్చిన కాగితాలు అయిపోతే నా డైరీలోంచి పేజీలు చించి ఇచ్చాను. నా డైరీ పేజీ ఒకటి ప్రభుత్వ ఫైల్లో ఉందంటే ఇప్పటికీ నాకు గాల్లో తేలినట్టుంటుంది. ఆ జాబితా కమిటీ దాటి జిల్లాకి వెళ్ళింది. ఈ జనవరిలో గూడెం పేర హక్కుపత్రం వచ్చింది. జామాయిల్ మాట ఇక లేదు.

అయితే ఆ పొద్దున అంతా సాఫీగా సాగలేదు. గుట్ట చివర, ఎగువన ఒక పెద్ద చెట్టు ఉంది. దాని కింద మోకాలెత్తు ఎండుటాకు. చీపురు తగిలిన గుర్తే లేదు. రాలిన పువ్వు ఆకుల్లో కుళ్ళి పులిసిన వాసన వేస్తోంది. అధికారి ఆగిపోయాడు. ఊడ్చిందే హక్కయితే, ఊడవనిదాన్ని ఏమనాలి?

"ఇది ఎవరిదీ కాదన్నమాట" అన్నాడు గుమాస్తా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఈదమ్మే చెప్పింది. "లింగమ్మది. మా తోడికోడలు. పోయిన వానాకాలంలో పోయింది. మనిషి పోయినాక ఏడాది తిరిగిందాకా ఆ చెట్టు కింద ఎవరం ఊడవం."

"మరి పువ్వు?" అన్నాడు అధికారి.

"ఎలుగులు తింటయ్, జింకలు తింటయ్. ఆమె తిన్నట్టే. వచ్చేడు ఆమె కూతురు ఊడుస్తది."

గుమాస్తా పెన్ను గాల్లోనే ఆపి, "చనిపోయినవాళ్ళ పేరు రాయకూడదు సార్" అన్నాడు.

అధికారి ఆ ఎండుటాకుల వైపు చూశాడు. తర్వాత గుమాస్తా చేతిలోని కాగితం తీసుకుని నాకు అందించాడు. "మీరు రాయండి. ఈమె చెప్పింది చెప్పినట్టు."

రాశాను. ఇప్పచెట్టు, ఎగువన చివరిది. లింగమ్మది. ఈ ఏడు ఊడవరు.